ఎర కంపు కొడితే సరిపోదు

చిరంజీవికి ఆశీస్సులు.

క్యాట్‌ఫిష్ కోసం ఎర ఇంట్లోనే చేసుకుంటున్నావని తెలిసి సంతోషించాను. కానీ కార్జాన్ని రోజుల తరబడి ఎండలో కుళ్లబెడుతున్నానని రాశావే, అది నాకు నచ్చలేదు. ఎంత కంపు కొడితే అంత పెద్ద చేప పడుతుందని చాలామంది నమ్ముతారు. మన ముక్కుకు తగిలే కంపు గాలిలోనిది. చేపకు కావలసింది నీటిలో కరిగే రుచి.

ఈ చేపకు మీసాల మీదే కాదు, ఒళ్లంతా రుచి మొగ్గలుంటాయి. కన్ను పనిచేయని బురద నీటిలో కూడా, మాంసం నుంచి కరిగి వచ్చే అమైనో ఆమ్లాల జాడ పట్టుకుని ఎర దగ్గరికి చేరుతుంది. అందుకే తాజా కార్జం, తాజా చేప ముక్కలు చాలు. వేటాడి తినే వాలుగ లాంటి పెద్ద క్యాట్‌ఫిష్‌లైతే కుళ్లిన ఎర కంటే తాజా చేప ముక్కకే ఎక్కువగా వస్తాయి.

అసలు పనితనం ఎర గాలాన్ని అంటిపెట్టుకుని ఉండేలా చేయడంలో ఉంది. పావు కిలో కోడి కార్జాన్ని మెత్తగా రుబ్బి, నలిపిన వెల్లుల్లి రెండు రెబ్బలు, కాస్త ఉప్పు వేయి. మైదా ఒక్కసారిగా కుమ్మరించకుండా గుప్పెడు గుప్పెడుగా కలుపు. ముద్ద వేళ్లకు అంటుకోవడం మానేసి, నొక్కితే పగలకుండా సాగుతున్నప్పుడు పిండి ఆపెయ్. అప్పుడు దూదిని పల్చగా విడదీసి అందులో పిసుకు. ఆ పోగులే ముద్దను గాలానికి కట్టిపడేస్తాయి. నూనె మాత్రం పొయ్యకు. అది నీటి పైకి తేలిపోవడమే కాక పిండిని పట్టనివ్వదు.

ఉసిరికాయంత ఉండలు చేసి, మరిగే నీటిలో రెండు మూడు నిమిషాలు ఉంచి తీస్తే పైన పొర గట్టిపడుతుంది, లోపల మెత్తగానే ఉంటుంది. బయలుదేరే ముందు ఒక ఉండను గాలానికి గుచ్చి గ్లాసు నీటిలో వేలాడదీసి చూడు. పావుగంటలోపే విడిపోతే మైదా చాలలేదన్నమాట. అరగంటైనా నీటి రంగు మారకపోతే మరీ గట్టిపడిందని అర్థం.

కార్జాన్ని ముక్కలుగానే వాడాలనుకుంటే ఉప్పు చల్లి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచు. నీరు వదిలి బిగుస్తుంది. పైన సన్నటి నూలు దారం నాలుగు చుట్లు చుట్టకపోతే, గాలం విసిరేటప్పుడే ఊడి ఎటో పడుతుంది. ఎరను ఎప్పుడైనా పులియబెట్టాలనిపిస్తే మూత బిగించిన సీసాలో మాత్రం వద్దు, లోపల గ్యాస్ చేరి పేలవచ్చు.

చేతికి సబ్బు, దోమల మందు, పెట్రోలు వాసన ఉంటే ఎర ముట్టుకోకు. పారే నీటిలో అయితే చేపలుంటాయనుకున్న చోటికి కాస్త ఎగువన వెయ్యి, రుచి ప్రవాహంతో పాటు దిగువకు పోతుంది. అరగంటకోసారి ఎర మార్చు. పైకి చూడడానికి బాగానే ఉన్నా సారం అప్పటికే కొట్టుకుపోయి ఉంటుంది.

చేప పడ్డాక తొందరపడి చేత్తో పట్టుకోకు. వీపు రెక్కకూ, మొప్పల వెనక రెండు పక్కల రెక్కలకూ ముళ్లుంటాయి, కొన్ని జాతుల్లో వాటికి విషం కూడా ఉంటుంది. గుచ్చుకుంటే గాయాన్ని శుభ్రంగా కడిగి, చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో ఉంచు. వాపు పెరిగినా, ముల్లు లోపల విరిగినా వెంటనే డాక్టరుకు చూపించు.

ఈసారి ఉండలు ఎలా వచ్చాయో తప్పకుండా రాయి.

ఇట్లు,
మీ పెదనాన్న