టెక్ సందేహాలు: కోట ముట్టడి గేమ్ మధ్యలో ఆగిపోతే డబ్బు తిరిగొస్తుందా?

ప్రశ్న: కోట ముట్టడి మీద తయారవుతున్న ఒక రియల్ టైమ్ స్ట్రాటజీ గేమ్‌ను ఏడాది కిందట స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణంలో ఎర్లీ యాక్సెస్‌గా, అంటే తయారీ పూర్తికాకముందే, కొన్నాను. ఇక తయారీ ఆపేస్తున్నామని డెవలపర్లు మొన్న ప్రకటించారు. డబ్బు వెనక్కి వస్తుందా? - ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: నిబంధన ప్రకారమైతే రాదు. కొని 14 రోజులు దాటకుండా, ఆడిన సమయం 2 గంటలు మించకుండా ఉంటేనే స్టీమ్ రీఫండ్ ఖాయం. ఎర్లీ యాక్సెస్‌కీ ఇదే లెక్క. ఇది పూర్తికాని గేమ్ అని కొనే పేజీలోనే రాసి ఉంటుంది. అయినా ఒకసారి అడగండి. గడువు దాటిన విన్నపాలనూ చూస్తామని స్టీమ్ తన రీఫండ్ నిబంధనల్లోనే చెప్పింది. స్టీమ్ సపోర్ట్‌లో పర్చేజెస్‌లోకి వెళ్లి, తయారీ ఆగిపోయిందన్న ప్రకటన లింకు జతచేసి అడగండి. వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

డబ్బు సంగతి ఎలా ఉన్నా, ఈరోజే చేయాల్సిన పని ఒకటుంది. స్టీమ్‌ను ఆఫ్‌లైన్ మోడ్‌లో పెట్టి, నెట్ ఆపేసి, గేమ్ తెరుచుకుంటుందేమో చూడండి. తెరుచుకుంటే ఆ ఫైళ్లను బ్యాకప్ తీసుకోండి. తెరుచుకోకపోతే అది సర్వర్ మీద బతుకుతున్న గేమ్. సర్వర్ ఆపేసిన రోజున అదీ ఆగిపోతుంది.

ప్రశ్న: ముట్టడి గేమ్‌లు అంత తేలిగ్గా ఎందుకు పూర్తికావు? ట్రైలర్లలో గోడలు భలే కూలుతుంటాయి కదా! - ఇంజినీరింగ్ విద్యార్థిని, విజయవాడ

జవాబు: చాలా మంచి ప్రశ్న. గోడ కూలినట్టు చూపించడం కష్టం కాదు. కూలిన గోడ గురించి సైనికులకు తెలియజెప్పడమే కష్టం.

ఆటలోని ప్రతి సైనికుడూ ఎటు నడవాలో కంప్యూటర్ లెక్కవేస్తూ ఉంటుంది. దీన్ని పాత్‌ఫైండింగ్ అంటారు. మైదానంలో యుద్ధమైతే దారి పెద్దగా మారదు. ముట్టడిలో అలా కాదు. ట్రెబుషెట్ అనే యంత్రం విసిరిన రాయి తగిలి గోడలో గండి పడగానే కొత్త దారి పుడుతుంది. కందకం పూడిస్తే ఇంకొకటి. నిచ్చెన వేస్తే గోడ పైభాగం కూడా నడిచే నేలే. కింద గుమ్మం, పైన బురుజు అంటూ ఒకే చోట రెండు అంతస్తులు. మారిన ప్రతిసారీ వందల మందికి దారి మళ్లీ వెతకాలి, అదీ ఆట ఆగకుండా. పైగా కంప్యూటర్ ఆడించే శత్రువు కూడా ఆ గండిని గమనించి, అక్కడికి బలగాన్ని మళ్లించాలి.

ఆన్‌లైన్‌లో ఆడితే ఇంకో చిక్కు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ లాంటి ఆటల్లో సైనికులు ఎక్కడున్నారో నెట్ ద్వారా పంపరు. మీరిచ్చిన ఆదేశాలను మాత్రమే పంపుతారు, ఇద్దరి కంప్యూటర్లూ ఆ లెక్కను విడివిడిగా ఒకేలా చేసుకుంటాయి. ఒకరి కంప్యూటర్లో గోడ ఒక్క క్షణం ముందు పడిందా, రెండు ఆటలూ వేరైపోతాయి.

డబ్బున్న పెద్ద స్టూడియోలకూ ఇది మింగుడుపడలేదు. 2013లో టోటల్ వార్ యుద్ధ గేమ్‌ల వరుసలో రోమ్ 2 విడుదలైనప్పుడు కోటల దగ్గర కంప్యూటర్ సైన్యం దిక్కుతోచక నిలబడిపోయేది. ప్యాచ్‌లు (సవరణ ఫైళ్లు) ఇచ్చి సరిచేశారు. 2016లో వార్‌హామర్ అనే కల్పిత ప్రపంచం మీద టోటల్ వార్ తెచ్చినప్పుడు కోట చుట్టూ ముట్టడించే వీలే తీసేసి, గోడలో ఒక్క వైపు మాత్రమే యుద్ధం పెట్టారు. ఆటగాళ్లకు అది నచ్చలేదు, నాకూ నచ్చలేదు. కానీ గేమ్ పూర్తయింది. చిన్న జట్టు ఇన్నీ ఒకేసారి చేస్తామని మాటిస్తే, ట్రైలర్ కన్నా ముందు ఆ గండి దగ్గర సైనికులు ఏం చేస్తున్నారో చూడమంటాను. ఎడిటింగ్ లేని పది నిమిషాల ఆట వీడియో చూస్తే అదే తెలిసిపోతుంది.

ప్రశ్న: నెట్ సెంటర్ రోజుల నుంచీ కమాండ్ అండ్ కాంకర్ జనరల్స్ గేమ్ నాకు ప్రాణం. రద్దయిన జనరల్స్ 2 లీకైందని టెలిగ్రామ్‌లో ఫైల్ పెట్టారు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు విండోస్ యాంటీవైరస్ డిఫెండర్‌ను ఆఫ్ చేయాలంటున్నారు. చేయొచ్చా? - ఒక ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: వద్దండీ. డిఫెండర్ ఆపమని చెప్పే ఏ ఫైల్‌నీ నమ్మకండి. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, లాగిన్ కుకీలు ఎత్తుకుపోయే మాల్వేర్ ఎక్కువగా ఇలాగే వస్తుంది. ఇప్పటికే రన్ చేసి ఉంటే వెంటనే నెట్ ఆపండి. వేరే ఫోన్ నుంచి ముందు ఈమెయిల్, తర్వాత బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చండి, అన్ని డివైస్‌ల నుంచి లాగౌట్ కొట్టండి, తర్వాత విండోస్‌ను కొత్తగా వేసుకోండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

జనరల్స్ 2ను 2011 డిసెంబర్‌లో ప్రకటించారు. మరుసటి ఏడాది దాన్ని ఉచిత ఆన్‌లైన్ గేమ్‌గా మార్చి, పేరులోంచి జనరల్స్ తీసేశారు. 2013 అక్టోబర్ చివర్లో, ఆల్ఫా (తొలి) పరీక్షల దశలో, గేమ్ కంపెనీ ఈఏ దాన్ని రద్దు చేసి, దాన్ని తయారుచేస్తున్న విక్టరీ గేమ్స్ స్టూడియోను మూసేసింది. ఆల్ఫాలో డబ్బు పెట్టినవాళ్లకు తిరిగిచ్చింది. ఆన్‌లైన్‌లోనే ఆడేలా కట్టిన గేమ్ అది. సర్వర్ లేకుండా ఫైల్ దొరికినా దాంతో మీరు ఆడేదేముంటుంది?

మీకు నిజంగా సంతోషం కలిగించేది వేరే ఉంది. మొదటి జనరల్స్, దాని అదనపు భాగం జీరో అవర్‌ల సోర్స్ కోడ్‌ను (ప్రోగ్రామ్ అసలు రాతను) 2025 ఫిబ్రవరిలో ఈఏ, ఎవరైనా మార్చుకునే వీలిచ్చే జీపీఎల్ లైసెన్స్ కింద, కోడ్ పంచుకునే సైట్ గిట్‌హబ్‌లో పెట్టింది. బొమ్మలు, శబ్దాలు అందులో ఉండవు కాబట్టి గేమ్ కొనుక్కోవాలి. అది స్టీమ్‌లో దొరుకుతోంది. పాత బగ్‌లను ఇప్పుడు అభిమానులే సరిచేయగలరు. గేమ్ ఆపేసే ప్రతి కంపెనీ ఇలా చేయాలని నా గట్టి కోరిక. ఏళ్ల తరబడి చేసిన పని హార్డ్ డిస్కుల్లో మగ్గిపోవడం అన్యాయం.

ప్రశ్న: 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో ఆడదగ్గ ముట్టడి గేమ్ చెప్పండి. - గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: 2001 నాటి స్ట్రాంగ్‌హోల్డ్ గేమ్‌కు తర్వాత వచ్చిన హెచ్‌డీ రూపం హాయిగా నడుస్తుంది. కందకం తవ్వడం, మరిగే నూనె పోయడం, గోడ కింద సొరంగం తవ్వడం అన్నీ ఉన్నాయి. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్‌కూ కనీసం 4 జీబీ చాలంటారు గానీ, గ్రాఫిక్స్ తగ్గించుకోవాలి, బ్రౌజర్ మూసేయాలి. దానికి 2022లో వచ్చిన అదనపు భాగం డైనాస్టీస్ ఆఫ్ ఇండియా విడిగా కొనాలి. అందులో కోట గోడలు కూల్చే కవచపు ఏనుగులున్నాయి, రాజేంద్ర చోళుడి కథ ఉంది. మీ ఊరి రాజరాజనరేంద్రుడికి ఆయన పిల్లనిచ్చిన మామ. ఆన్‌లైన్ ర్యాంక్డ్ మ్యాచ్‌లు ఆడాలంటే మాత్రం ల్యాప్‌టాప్ ముందుగా గేమ్‌లోని బెంచ్‌మార్క్ టెస్ట్ (వేగ పరీక్ష) పాసవ్వాలి. పాసవ్వకపోతే కంప్యూటర్‌తో ఆడుకోండి, ఆ కథలన్నీ అలాగే పూర్తి చేయొచ్చు.