కీబోర్డు ఆర్డరు పెట్టకముందే

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్లో సగమే వినపడింది, ఇక్కడ కరెంటు పోయి ఇన్వర్టర్ ఒకటే కూత. మాస్టారి ల్యాప్‌టాప్‌లో విండోస్ కొత్తగా ఎక్కించాక బ్రైట్‌నెస్ మీటలు పనిచేయడం లేదనీ, బరంపురం నుంచి కీబోర్డు తెప్పిస్తాననీ అన్నావు. ఆగరా బాబూ.

ముందు మౌసుతో సెట్టింగుల్లో బ్రైట్‌నెస్ స్లయిడర్ జరిపి చూడు. తెర మారిందా, డిస్‌ప్లే వైపు బాగానే ఉంది. స్లయిడరే లేకపోతేనో, జరిపినా మారకపోతేనో మీటల జోలికి పోకు. మెషీన్లోని భాగాల జాబితా చూపే డివైస్ మేనేజర్ తెరువు. అక్కడ 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని కనబడితే గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే తెర బొమ్మను నడిపే ప్రోగ్రాం, పడలేదన్నమాట.

ఇక మీటలు. ఎఫ్ఎన్ (Fn) మీట నొక్కిన సంగతి చాలా ల్యాప్‌టాప్‌లలో విండోస్‌కి నేరుగా తెలీదు. బోర్డు మీదుండే చిన్న కంట్రోలర్ పట్టుకుంటుంది. కొన్ని మీటల్ని మామూలు అక్షరాల్లాగే కీబోర్డు దారిన పంపుతుంది, కొన్నిటిని ఏసీపీఐ (బోర్డుకీ విండోస్‌కీ మధ్య మాటలు నడిపే పద్ధతి) దారిన కబురు పెడుతుంది. ఆ కబురు ఒక్కో కంపెనీది ఒక్కో భాష. మన బజారులో ఒడియా రాని వ్యాపారికి పక్కన దుబాసీ ఉండాలి చూడు, ఇలాంటి ప్రత్యేక మీటల కోసం కంపెనీ ఇచ్చే హాట్‌కీ డ్రైవర్ పని అదే. అందుకే ఒకే మెషీన్లో సౌండు మీటలు పనిచేసి బ్రైట్‌నెస్‌వి పనిచేయకపోవచ్చు. అంతమాత్రాన కీబోర్డు పోయినట్టు కాదు. ఈ ముక్క తెలీక పాతపట్నం నుంచి వచ్చిన ఒకాయనకి నేను కొత్త కీబోర్డు బిగించాను. దానికీ అదే రోగం! డబ్బులు అడగడానికి మొహం చెల్లలేదు.

మెషీన్ అడుగున మోడల్ నంబరుంటుంది, అది కొట్టి కంపెనీ సైటులోనే డ్రైవర్ తీసుకో. గూగుల్లో ముందొచ్చే 'డ్రైవర్ అప్‌డేటర్' సరుకు మాత్రం ముట్టుకోకు.

ఇకమీదట ఫార్మాట్ చేసే ముందు 'పీఎన్‌పీ యుటిల్' (pnputil) కమాండుతో పాత డ్రైవర్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసుకో. డ్రైవర్లొస్తాయి గానీ ఆ మీటల కోసం కంపెనీ ఇచ్చే యాప్ రాదు, అది విడిగా వేయాలి.

గుణుపూర్ ఇంజినీరింగ్ పిల్లలు లినక్స్‌తో వస్తారు. థింక్‌ప్యాడ్‌కీ అసుస్‌కీ ఆ దుబాసీలు లినక్స్ గుండెకాయలాంటి కెర్నల్లోనే ఉంటాయి. మీటల్ని పరీక్షించే 'ఈవీటెస్ట్' (evtest) పెట్టి మీట నొక్కితే కోడ్ వస్తోందో లేదో తెలిసిపోతుంది. బ్రైట్‌నెస్ అంకె మారుతున్నా తెర మారకపోతే, మెషీన్ మొదలయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో 'ఇ' (e) నొక్కి కెర్నల్ లైను చివర 'ఏసీపీఐ_బ్యాక్‌లైట్=నేటివ్' (acpi_backlight=native) అని ఆ ఒక్క బూటుకే వేసి చూడు. కుదరకపోతే నేటివ్ బదులు 'వెండర్' (vendor), తర్వాత 'వీడియో' (video). కుదిరిందే గ్రబ్ సెట్టింగుల ఫైల్లో రాయి. మూడూ ఒకేసారి రాసి బుర్ర పాడుచేసుకోకు.

తెర పూర్తిగా నల్లబడిందని తెస్తే, ప్యానెల్ పోయిందనకముందు టార్చి ఏటవాలుగా వేసి చూడు. బొమ్మ మసగ్గా కనబడితే పోయింది వెనక వెలుగే.

ఎఫ్1, ఎఫ్2 నొక్కితే సౌండు మారుతోందని గొడవపడేవాళ్ళూ వస్తారు. అది చాలావాటికి ఎఫ్ఎన్‌తో ఎస్కేప్ నొక్కితే సరి, లేదంటే విండోస్ కంటే ముందే తెరుచుకునే బయోస్ సెట్టింగుల్లో మార్చాలి. దానికి డబ్బులు తీసుకోకు.

స్లయిడర్ సంగతి ఏమైందో రాత్రికి ఫోన్ చెయ్యి. ఆదివారం గుణుపూర్ బండికి వస్తాను, మాస్టారి మెషీన్ అప్పటిదాకా విప్పకుండా ఉంచు.

మామయ్య