ఈసీఈ చదువుతో ఎన్‌ఐసీయూ పరికరాల వైపు వెళ్లొచ్చా?

ప్రశ్న: బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా అక్కకు ఎనిమిదో నెలలోనే పాప పుట్టింది. ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్) పాప తలకు వైర్లు పెట్టి మెదడు పనితీరు చూశారు. వైర్లు లేకుండా ఆ పని చేసే పరికరాలు తయారు చేయాలనుంది. బ్రాంచి తప్పు తీసుకున్నానా?
– ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: తప్పేం తీసుకోలేదు. పాప ఇప్పుడు కులాసాగా ఉందనుకుంటాను.

పసిపిల్లలకు ఫిట్స్ వచ్చినా చాలాసార్లు పైకి తెలియదు. చెయ్యి కదలదు, ఏడుపూ ఉండదు. మెదడు విద్యుత్ సిగ్నళ్లను నమోదు చేసే ఈఈజీలోనే బయటపడుతుంది. అందుకే గంటల తరబడి తలకు వైర్లు ఉంచుతారు. వాటితో తల్లి బిడ్డను గుండెకు హత్తుకుని కంగారూ కేర్ ఇవ్వడం కష్టమవుతుంది. మీ ఆలోచన విలువ అక్కడే ఉంది.

అయితే వైరు తీసేయడం ఇందులో తేలికైన భాగం. బ్లూటూత్ చిప్ బజార్లో దొరుకుతుంది. అసలు కష్టం సిగ్నల్ దగ్గర: గుండె సిగ్నల్ మిల్లీవోల్టుల్లో ఉంటే, మెదడు సిగ్నల్ దానికంటే ఎంతో చిన్నగా మైక్రోవోల్టుల్లో ఉంటుంది. పక్కనే వెంటిలేటర్, పంపులు, కరెంటు లైన్ల 50 హెర్ట్జ్ రొద. నెలలు నిండని బిడ్డ చర్మం ఎంత పల్చనంటే, అంటించిన ఎలక్ట్రోడ్ తీస్తే చర్మం కూడా లేచి రావచ్చు. బ్యాటరీ వేడెక్కకూడదు. పైగా ఈ పిల్లల ఈఈజీ కాసేపు ఎగసి, కాసేపు దాదాపు నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ వయసుకు అది సహజమే. పెద్దవాళ్ల ఈఈజీతో తయారైన ప్రోగ్రాం దాన్ని జబ్బనుకునే ప్రమాదం ఉంది.

కాబట్టి సిగ్నల్ ప్రాసెసింగ్, అనలాగ్ సర్క్యూట్లు గట్టిగా పట్టుకోండి. ఫిన్లాండ్‌లోని హెల్సింకి ఆసుపత్రి 79 మంది నవజాత శిశువుల ఈఈజీలను ఉచితంగా అందరికీ ఇచ్చింది. ఫిట్స్ ఎక్కడున్నాయో ముగ్గురు నిపుణులు విడివిడిగా గుర్తించారు. ఆ శిశువుల్లో ఎక్కువమంది నెలలు నిండిన పిల్లలే అయినా, మీ ఫైనలియర్ ప్రాజెక్టుకు ఇంతకంటే మంచి మొదలు నాకు తోచడం లేదు. పైథాన్ ప్రోగ్రామింగ్ వస్తే చాలు.

తర్వాత ఎంటెక్ ప్రవేశానికి గేట్ పరీక్ష. 2020 నుంచి బయోమెడికల్ పేపర్ విడిగా ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ విభాగం ఉంది. ఐఐటీ మద్రాస్, వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి, తిరువనంతపురం శ్రీచిత్ర వైద్య సంస్థ కలిసి నడిపే క్లినికల్ ఇంజినీరింగ్ ఎంటెక్ మీకు మరీ నప్పుతుంది, ఆసుపత్రి లోపల నేర్చుకోవచ్చు. ఇంటర్న్‌షిప్‌కు వైద్య పరికరాలు తయారయ్యే విశాఖ మెడ్‌టెక్ జోన్ కంపెనీలను అడగండి, మీకు దగ్గర. ఒక్క మాట ఇంట్లో ముందే చెప్పండి: ఈ రంగంలో మొదటి ఉద్యోగాలు ఎక్కువగా సర్వీసు, సేల్స్‌లోనే వస్తాయి. డిజైన్ పనికి ఎంటెక్ దాకా ఓపిక పట్టాలి.

ఈలోగా డాక్టరు అనుమతిస్తే, అక్క పాపను చూసిన నర్సును కలవండి. ఏ ఎలక్ట్రోడ్ తరచూ ఊడుతోంది, మళ్లీ పెట్టడానికి ఎంతసేపు పడుతోంది అని అడిగి రాసుకోండి.