ముందు ఆకు తిరగేసి చూడు

అమ్మడూ,

వాట్సాప్‌లో పంపిన ఫొటో చూశాను. మనీప్లాంట్ కణుపుల్లో తెల్లగా దూదిలా ఉన్నదాన్ని బూజు అనుకుని రెండు వారాలుగా తడిగుడ్డతో తుడుస్తున్నానన్నావు. అది బూజు కాదే, పిండినల్లి అనే పురుగు. టూత్‌పిక్‌తో గుచ్చి చూడు, లోపల నుంచి పసుపో నారింజో రంగు తడి వస్తుంది. ఓపిగ్గా చూస్తే కాళ్లు కదలడం కూడా కనిపిస్తుంది.

ఆకులు జిగటగా ఉన్నాయని, కింద టైల్స్ కూడా కాలికి అంటుకుంటున్నాయని రాశావు చూడు, నాకు అక్కడే తెలిసిపోయింది. ఈ పురుగు రసం పీల్చి తియ్యటి జిగురు వదులుతుంది. దానికోసమే చీమలు వస్తాయి. ఊరికే రావు, పిండినల్లి జోలికి వేరే పురుగులు రాకుండా కాపలా కూడా కాస్తాయి. కిటికీ అంచున చీమల బారు ఉంటే ముందు దాని సంగతి చూడు.

ఇవాళే ఆ కుండీని మిగతావాటి నుంచి తీసి బాత్‌రూమ్‌లో పెట్టు. మెడికల్ షాపులో 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అడుగు. ఇయర్‌బడ్ అందులో ముంచి ఒక్కో తెల్ల ముద్దకీ అద్దు. తెలుపు కరిగి లోపలి పురుగు గోధుమరంగుకి తిరుగుతుంది. కణుపులు, ఆకు తొడిమ మొదలు, కుండీ అంచు కింద, ఏదీ వదలకు. పొయ్యి దగ్గరా దీపం దగ్గరా మాత్రం ఈ పని పెట్టుకోకు, అది భగ్గుమంటుంది.

మర్నాడు సాయంత్రం వేపనూనె. నూనె నీళ్లలో కలవదు కాబట్టి ముందు ఒక చెంచా, అంటే 5 మి.లీ. నూనెలో కాస్త గిన్నెలు కడిగే లిక్విడ్ కలిపి, తర్వాత లీటరు గోరువెచ్చని నీళ్లు పోస్తూ గిలక్కొట్టు. పాలలా తెల్లబడాలి. కలిపింది ఆ రోజే వాడెయ్యి. మొదట ఒక్క ఆకుమీద కొట్టి ఒక రోజు ఆగు. నేను ఒకసారి సబ్బు ఎక్కువైతే పురుగు త్వరగా చస్తుందనుకుని ఫెర్న్ మీద దట్టంగా కొట్టాను, మూడో రోజుకి ఆకులన్నీ మాడి కూర్చున్నాయి. పురుగులు మాత్రం కొన్ని మిగిలాయి! ఇల్లంతా వేప వాసనేంటని మీ ఆయన సణుగుతాడు. సణగనీ.

అసలు అందరూ తప్పేది ఇక్కడే. ఒకసారి కొట్టగానే తెలుపు పోతుంది, హమ్మయ్య అనుకుని వదిలేస్తారు. ఆ దూది సంచిలో వందలకొద్దీ గుడ్లుంటాయి. వాటికి మన మందు సరిగా తగలదు. వారం పది రోజుల్లో పొదుగుతాయి. అందుకే ఏడు రోజులకోసారి, కనీసం నాలుగు సార్లు కొట్టాలి. ఫోన్‌లో ఆదివారం అలారం పెట్టుకో. 2008లో కోయంబత్తూరు వైపు బొప్పాయి తోటల్లో కొత్తరకం పిండినల్లి బయటపడితే, 2010లో విదేశం నుంచి చిన్న కందిరీగల్లాంటి పరాన్నజీవుల్ని తెచ్చి వదిలి దాన్ని అదుపు చేశారు. నీ మూడో అంతస్తు హాల్లోకి ఆ కందిరీగలు రావు కదా, ఆ పని నువ్వే చెయ్యాలి.

ఇక ఏసీ గదిలో ఉన్న మొక్క. ఆకుల మీద సన్నటి పసుపు చుక్కలు, ఆకు వెనక సాలెగూడులాంటి దారాలు అన్నావు. అది ఎర్రనల్లి అయ్యుంటుంది. తెల్ల కాగితం మీద ఆకు తట్టు. మిరియపు పొడిలా రాలిన చుక్కలు నడిస్తే అదే. పొడిగాలి దానికి ఇష్టం. ఆకు వెనకవైపు షవర్‌తో గట్టిగా కడుగు, సగం పోతుంది. తర్వాత ఇదే వేపనూనె. కుండీ చుట్టూ ఎగిరే నల్లటి చిన్న దోమలకి మాత్రం మందెందుకు, నీళ్లు తగ్గించు చాలు. వాటి పిల్లలు పైమట్టి తడిలోనే పెరుగుతాయి. పైమట్టి రెండు వేళ్ల లోతు ఎండాకే నీళ్లు పొయ్యి.

పొలాలకి కొట్టే మందు తెచ్చిస్తామని ఎవరైనా అంటే వద్దను. తలుపులేసుకుని పిల్లలతో ఉండే ఫ్లాట్‌లో అవి వాడకూడదు. కరివేపాకు, తులసి కుండీలు కూడా అక్కడే ఉన్నాయి కదా.

ఇంతకీ ఈ పిండినల్లి ఎక్కణ్ణుంచి వచ్చిందంటావా? మా ఇంటికి వియ్యపురాలు ప్రేమగా ఇచ్చిన మందారంతో వచ్చింది. వద్దనలేను, చూసి తీసుకుంటాననీ అనలేను. అప్పట్నుంచి ఏ మొక్క వచ్చినా మూడు వారాలు వెనక వరండాలో విడిగా ఉంచుతున్నాను. వియ్యపురాలికి మాత్రం ఎండ కోసమని చెప్పాను.

ఆదివారం ఇంకో ఫొటో పంపు. ఆకు ముందువైపు కాదు, వెనకవైపు.

పెద్దమ్మ