సీసా మూత పెట్టేముందు

బుజ్జీ,

పుట్టగొడుగులు మైక్రోవేవ్‌లో ఎండబెట్టి వరుగులు చేసి దాచుకుంటానన్నావట, మీ అమ్మ చెప్పింది. ముచ్చటేసింది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

కడగడం, తుడవడం నీకు తెలిసినవే. ముక్కలు అర సెంటీమీటరు మందాన, అన్నీ ఒకేలా కొయ్యి. పళ్లెంలో ఒకదాని మీద ఒకటి పడకుండా పరువు. పవర్ సగం కంటే తక్కువే ఉంచి, రెండు మూడు నిమిషాలకోసారి తలుపు తీసి ఆవిరి పోనిచ్చి, ముక్కలు తిరగెయ్యి. పుట్టగొడుగులో 90 శాతం నీళ్లే కదా, ఫుల్ పవర్ పెడితే ఎండవు, తమ నీళ్లలో తామే ఉడికి రబ్బరులా సాగుతాయి. చివరి విడతలు అర నిమిషం చొప్పునే. నీరు తగ్గాక చూస్తుండగానే మాడిపోతాయి, నిప్పు కూడా అంటుకోవచ్చు. అప్పుడు ఫోన్ మోగినా ఎత్తకు. నేనే చేసినా సరే.

నా సంగతి విను. మొదటిసారి అరకిలో ఎండబెడితే 80 గ్రాములు తూగాయి. ఎంత మిగిలిందో అని మురిసిపోయాను. పిచ్చిదాన్ని! అరకిలోకి 50 గ్రాములు రావాలి, ఆ పైనదంతా నీళ్లేనని అప్పుడు తట్టలేదు. అంచులు కరకరలాడుతున్నాయి కదా అని వేడి వేడిగానే గాజు సీసాలో పోసి మూత బిగించాను. కాసేపటికి సీసా లోపల, నోటితో ఊదిన అద్దంలా, సన్నగా మసక పట్టింది. చూశాను బుజ్జీ. చూసి కూడా, అదే ఆరిపోతుందిలే అని అలమరలో పెట్టేశాను.

పది రోజులకి మూత తీస్తే తడి గోనెసంచి వాసన. కాడ ఉన్న మందపాటి ముక్కల మీద తెల్లటి నూగు. పుట్టగొడుగుకే బూజు! అంతటితో ఊరుకున్నానా, బాగున్నవి ఏరి వండబోయాను. మీ పెదనాన్న చేతిలోంచి లాక్కుని మొత్తం పారబోశారు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన చేసిందే మంచిదైంది. బూజు ఒక్క ముక్క మీద కనిపించినా సీసా అంతటినీ వదులుకోవాలి.

అందుకే, బాగా చల్లారాక విరిచి చూడు. కాడ ముక్క కూడా ఫట్‌మని విరగాలి, వంగితే మళ్లీ మైక్రోవేవ్‌లో పెట్టు. సీసాలో పోశాక వారం రోజులు రోజూ ఊపి చూడు. మసక కనిపిస్తే మళ్లీ ఎండబెట్టు. తర్వాత చీకటి అలమరలో ఉంచితే నెలల తరబడి ఉంటాయి. వండేముందు అరగంట గోరువెచ్చని నీళ్లలో నానబెట్టు. ఆ నీళ్లు పారబొయ్యకు, వడకట్టి పులుసులో పొయ్యి.

ఇంకోటి. అడవిలో ఏరినవి ఎవరైనా ఇస్తే తీసుకోకు. ఎండబెడితే విషం పోదు. ఎంత తెలిసినవాళ్లయినా సరే, తీసుకోకు.

నీ చేతికి పొందిక ఎక్కువ, చిన్నప్పుడు బొమ్మల బట్టలు కూడా మడతపెట్టేదానివి. మొదటి అరకిలో ఎంత తూగిందో రాయి. 60 దాటితే నాకు రాసేముందే మళ్లీ లోపల పెట్టు.

నీ పెద్దమ్మ