ఏటిగట్టు మీద గేదె కూడా ఆకలితోనే ఉంది
పశువైద్యుడి జవాబులు

ప్రశ్న: డాక్టరు గారూ, గోదావరికి వరదొస్తే మా ఊరి కుర్రాళ్ళమంతా కలిసి లంక గ్రామాలకు బియ్యం, బిస్కట్లు, దుప్పట్లు పట్టుకెళ్తుంటాం. పోయినసారి ఏటిగట్టు మీద ఒక పెద్దావిడ బియ్యం సంచి పక్కన పెట్టి, “దీనికేమైనా తెచ్చారా బాబూ?” అని గేదెను చూపించారు. మా దగ్గర ఏమీ లేదు. ఈసారి పశువులకూ ఏదైనా చేద్దామనుకుంటున్నాం. చందాలు బాగానే పోగయ్యాయి. పశువులు పోయినవాళ్ళకు కొత్త గేదెలు కొనిద్దామని కొందరి మాట. ఏం చేస్తే మంచిది? – ఒక పాఠకుడు, రావులపాలెం

జవాబు: తమ్ముడూ, ఆవిడ అడిగింది న్యాయం. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అలాంటి వరదలో కూడా పడవ వాకిట్లోకి వచ్చినా ఎక్కని వాళ్ళుంటారు. అధికారులు దాన్ని మొండితనం అంటారు, నేననను. రెండు పూటలా పాలకేంద్రంలో పోసే పాల మీదే ఆ ఇంటి ఖర్చులు, పిల్లల ఫీజులు నడుస్తాయి. గేదెకు చోటూ మేతా చూపిస్తే మనిషి తనంతట తానే కదులుతాడు.

గేదెలు కొనిచ్చే మాట ఇప్పటికి పక్కన పెట్టండి. ఫోటోకు బాగుంటుంది, నిజమే. కానీ నీళ్ళు తీసిన మొదటి నెలల్లో ఊళ్ళో గడ్డివాము ఉండదు, పాక ఉండదు. ఉన్న పశువులే పస్తులుంటే కొత్తదాన్ని ఏం పెట్టి మేపుతారు? పైగా సంతలో కొన్న గేదె గాలికుంటునో మరో రోగాన్నో వెంటబెట్టుకుని రావచ్చు. సహాయ సంస్థల కోసం 2009లో మొదటిసారి వెలువడిన ‘లెగ్స్’ అనే అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా పశువులు కొనివ్వడాన్ని జనం కాస్త కోలుకున్నాక చేయాల్సిన పనిగానే చూస్తాయి. ముందు బతికున్నవాటిని నిలబెట్టండి.

అందుకు కావలసింది ఎండుగడ్డి. ఎదిగిన గేదెను ప్రాణంతో నిలపడానికి రోజుకు ఐదారు కిలోలు కావాలి. గట్టు మీద వంద పశువులుంటే రోజుకు ఐదారు క్వింటాళ్ళన్నమాట. లారీ మాట్లాడుకునే ముందు ఈ లెక్క చూసుకోండి. ముంపు తగలని మెట్ట ఊళ్ళలో కొనండి. కొనేటప్పుడు పైన కట్ట చూసి మోసపోవద్దు. మోపు మధ్యలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టండి. లోపల వెచ్చగా తగిలినా, ముక్కవాసన వచ్చినా, నల్లటి పొడి చేతికి అంటినా ఆ గడ్డి ఉచితంగా ఇచ్చినా వద్దు. బూజు పట్టిన గడ్డి తిన్న పశువుకు మళ్ళీ నేనే రావాలి. దించాక కింద కర్రలు పరిచి, పైన టార్పాలిన్ కప్పండి. వీలైతే తవుడు బస్తాలు కూడా వేసుకెళ్ళండి. పాలిచ్చేవాటికి, చూడివాటికి ముందు ఇవ్వండి. మంచినీళ్ళ ట్యాంకరు వస్తే రెండు తొట్లు పశువుల వైపు పెట్టించండి. గేదె రోజుకు యాభై లీటర్ల దాకా తాగుతుంది, ఆ సంగతి ట్యాంకరు పంపేవాళ్ళకు ఎవరూ చెప్పరు.

ఇంకొక్క మాట, ఇది మాత్రం మీ వాళ్ళందరికీ గట్టిగా చెప్పండి. సహాయ శిబిరంలో మిగిలిన అన్నం, పులిహోర పారేయడం ఎందుకని గంపలకొద్దీ పశువుల ముందు పోస్తుంటారు. పుణ్యం అనుకునే చేస్తారు. మూడు రోజులుగా ఖాళీ కడుపుతో ఉన్న గేదె ఆబగా తినేస్తుంది. ఆ అన్నం కడుపులో పులిసి ఆమ్లం పెరిగిపోతుంది. మర్నాటికి నెమరు ఆగిపోతుంది, పొట్ట ఎడమ వైపు బరువెక్కుతుంది, పేడ పల్చబడి పుల్లటి వాసన వేస్తుంది, తూలుతుంది, చివరికి కూలబడుతుంది. వరద తప్పించుకున్న పశువు పులిహోరకు పోతుంది! బియ్యం బస్తా చిరిగి ఒలికినా ఇదే ప్రమాదం. తిన్నదని తెలిసిన వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి, ఆలస్యం చేస్తే మా చేతుల్లో కూడా ఏమీ ఉండదు.

సూదిమందుల జోలికి మీరు పోవద్దు. గొంతువాపు, జబ్బవాపు టీకాలు తొలకరికి ముందే వేయించి ఉండాల్సింది. వేయించని ఊళ్ళ పేర్లు రాసుకుని పశువైద్యశాలకు ఇవ్వండి, లేదా 1962కి ఫోన్ చేయండి. సంచార వాహనం వస్తుంది. దారి మునిగి రాలేకపోతే డాక్టరును మీ పడవ ఎక్కించుకోండి. మీ పడవకు అంతకన్నా మంచి పని దొరకదు.

ప్రశ్న: వరదలో మా పాడి ఆవు, రెండు మేకలు పోయాయి. పరిహారం వస్తుందంటున్నారు, ఎవరిని అడగాలో తెలియక టెన్షన్‌గా ఉంది. – ఒక సోదరి, పి.గన్నవరం

జవాబు: వస్తుందమ్మా. 2022–26 కాలానికి కేంద్రం పెట్టిన విపత్తు సహాయ నిబంధనల్లో పాడి ఆవుకు, గేదెకు 37,500 రూపాయలు, మేకకు, గొర్రెకు 4,000 రూపాయలు ఉన్నాయి. మీ ఊరి వీఆర్వోకు, రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకులకు వెంటనే రాతపూర్వకంగా చెప్పండి. కళేబరం దొరికితే వాళ్ళు చూసేదాకా పూడ్చకండి, కనీసం చెవి ట్యాగు కనబడేలా ఫోటో తీయండి. ఆ తర్వాత బావులకు, చెరువుకు దూరంగా లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి. కొట్టుకుపోయి దొరకకపోతే ట్యాగు మీది 12 అంకెల నంబరు, పాలకేంద్రం చీటీలు, పక్కింటివాళ్ళ మాట పనికొస్తాయి. ఇది చదివే మిగతావాళ్ళు ఇవాళే తమ పశువు చెవిని ఫోన్లో ఫోటో తీసుకోండి.

ప్రశ్న: ఖాళీ చేయమని చాటింపు వేస్తే పశువులను కట్టేసి వెళ్ళాలా, విప్పేయాలా? విప్పితే దొంగల పాలవుతాయేమో. – పేరు వద్దన్నారు, అవనిగడ్డ

జవాబు: 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమలో ఈ ప్రశ్న ఇంకా అడగాల్సి రావడం నాకు బాధగానే ఉంది. విప్పేయండి. గేదె మంచి ఈతగత్తె, గుంజకు కట్టేస్తే మాత్రం అక్కడికక్కడే మునుగుతుంది. మెడలో పలుపు కూడా పూర్తిగా తీసేయండి, తేలేటప్పుడు ముళ్ళకంపకు చిక్కుకుంటుంది. గుర్తు కోసం కొమ్ములకు రంగు పూయండి. టైముంటే దూడను ముందు పెట్టి మెరక మీదికి తోలండి, తల్లి వెనకే వస్తుంది. కోళ్ళను గంప కింద మూసి వెళ్ళకండి.