స్కైలైట్‌కి అప్పు వద్దు, జనవరి దాకా ఆగండి

ప్రశ్న: బెంగళూరు కె.ఆర్.పురంలో మాకు సొంత ఇల్లు ఉంది, జీ ప్లస్ వన్. మెట్ల హాలులో పగలు కూడా లైట్లు వేసుకోవాల్సి వస్తోంది. పై స్లాబులో 4 అడుగుల చదరంగా స్కైలైట్ (వెలుగు కోసం పైకప్పులో పెట్టే గాజు కిటికీ) పెట్టడానికి కాంట్రాక్టరు రూ.1,80,000 చెప్పారు. ఈ జులైలోనే మొదలుపెడితే కొంత తగ్గిస్తానంటున్నారు కానీ 60 శాతం అడ్వాన్సు అడుగుతున్నారు. ఎఫ్‌డీలో 5 లక్షలున్నాయి. నెల ఖర్చు 70 వేలు, మిగిలేది 30 వేలు. ఎఫ్‌డీ తీసేయమంటారా, పర్సనల్ లోన్ తీసుకోమంటారా?

జవాబు: రెండూ వద్దు. ముందు అసలు ఖర్చెంతో చూద్దాం. ఇలాంటి కొటేషన్లలో సాధారణంగా గ్లాసు, ఫ్రేము, బిగింపు మాత్రమే ఉంటాయి. జీఎస్టీ 18 శాతం కలిపి ఉందో లేదో అడగండి. లేకపోతే అక్కడే రూ.32,400 పెరిగి 2,12,400 అవుతుంది. స్ట్రక్చరల్ ఇంజనీరు ఫీజు, స్లాబు కటింగు, రాళ్లూ మట్టీ ఎత్తివేత, అంచుల కింద ఐరన్ చానెళ్లు, వాటర్‌ఫ్రూఫింగ్, లోపల ప్లాస్టరింగ్, రంగులు... వీటికి మరో 45-50 వేలు పక్కన పెట్టుకోండి. మొత్తం రూ.2,60,000 అనుకుని లెక్క వేయండి.

ఆరు నెలల ఇంటి ఖర్చు అంటే 4,20,000 ఎఫ్‌డీలో కదపకుండా ఉండాలి. ఉద్యోగానికో ఆరోగ్యానికో ఇబ్బంది వస్తే ఆదుకునేది అదే. మీ చేతిలో నిజంగా ఉన్నది 80 వేలే. ఈ నెల నుంచే 30 వేల చొప్పున ఆరు నెలల ఆర్డీ (నెలనెలా కట్టే డిపాజిట్) మొదలుపెడితే జనవరికి 1,80,000, పైన కొంచెం వడ్డీ. ఆ 80 వేలూ కలిపితే 2,60,000. అదే మొత్తం 14 శాతం పర్సనల్ లోనుగా మూడేళ్లకు తీసుకుంటే ఈఎంఐ దాదాపు 8,890, వడ్డీయే 60 వేల దాకా పోతుంది. కరెంటు బిల్లులో అది తిరిగి రాదు: 10 వాట్ల ఎల్‌ఈడీలు నాలుగు రోజుకు పది గంటలు వెలిగినా నెలకు 12 యూనిట్లే. యూనిట్ 7 రూపాయలనుకున్నా 84 రూపాయలు. కర్ణాటక ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద మీ బిల్లు సున్నా వస్తుంటే ఆదా కూడా సున్నా. స్కైలైట్ వెలుగు కోసం పెట్టే ఖర్చు, ఆదా కోసం కాదు.

ఆగమనడానికి ఇంకో పెద్ద కారణం వాన. బెంగళూరులో సెప్టెంబరు, అక్టోబరుల్లో వానలు గట్టిగా పడతాయి. తడి కాంక్రీటు మీద వాటర్‌ఫ్రూఫ్ కోటింగ్ పట్టదు, పొక్కి ఊడిపోతుంది. జనవరి, ఫిబ్రవరి పొడి నెలలు. కాంట్రాక్టరు ఇప్పుడు తగ్గించే డబ్బు ఒక్క లీకేజీ రిపేరుకు చాలదు.

పనిలో డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి స్లాబు. ఇంజనీరు బీములూ కమ్మీలూ ఎటు వెళ్లాయో చూసి గీత గీసి ఇచ్చాకే మిషన్‌తో కోయాలి; సుత్తితో పగలగొడితే చుట్టుపక్కల స్లాబులో పగుళ్లు వస్తాయి. రెండోది నీళ్లు. రంధ్రం చుట్టూ కనీసం 6 అంగుళాల కాంక్రీటు గట్టు పోసి, వారమైనా క్యూరింగ్ చేసి (నీళ్లతో తడుపుతూ ఉంచి), ఆరాక కోటింగును డాబా మీద నుంచి గట్టు పైదాకా ఎక్కించాలి. గ్లాసుకు వాటం ఉండాలి, నీళ్లు నిలవకూడదు. సందుల్లో పూసే సిలికాన్ జిగురొక్కదాన్నే నమ్ముకుంటే ఎండకు గ్లాసూ ఫ్రేమూ వేర్వేరుగా సాగి కొన్నాళ్లకే సందు వదులుతుంది.

గ్లాసు లామినేటెడ్ టఫెన్డ్ అని కొటేషన్‌లో రాయించండి; మామూలు టఫెన్డ్ పగిలితే ముక్కలన్నీ కింద మెట్ల మీదే రాలతాయి. లామినేటెడ్‌లో మధ్య పొర వాటిని పట్టి ఉంచుతుంది. 6+6 మిల్లీమీటర్లదైతే (6 మి.మీ. గాజు పలకలు రెండు) ఈ సైజుకు 45 కిలోలు దాటుతుంది, ఫ్రేము దానికి తగ్గట్టుండాలి.

60 శాతం అడ్వాన్సు అంటే 1,08,000, పని మొదలవకముందే. ఒప్పుకోకండి. సైజుకు కోసిన గ్లాసు వాపసు పోదు కాబట్టి దాని డబ్బు ముందే కట్టాలి, కానీ షాపుకే నేరుగా కట్టి మీ పేరున బిల్లు తీసుకోండి. మిగతాది కటింగు మొదలైనప్పుడు 20 శాతం, గట్టూ కోటింగూ అయ్యాక 30, నీళ్ల పరీక్ష నెగ్గాక 40. గట్టు చుట్టూ 24 గంటలు నీళ్లు నిలబెట్టి, తర్వాత అరగంట పైపుతో జాయింట్ల మీద కొట్టి లోపల చెమ్మ చూడటమే ఆ పరీక్ష. చివరి 10 శాతం ఏప్రిల్-మే గాలివానలు పోయాకే ఇవ్వండి, ఏటవాలు వానలోనే అసలు లీకులు బయటపడతాయి.

బిల్లులన్నీ దాచండి. ఇల్లు అమ్మేటప్పుడు ఇలాంటి శాశ్వత మార్పుల ఖర్చును కొనుగోలు ధరకు కలిపి లాభం లెక్కిస్తారు. జనవరి దాకా ఆగలేని పరిస్థితే వస్తే పర్సనల్ లోన్ కంటే హోమ్ ఇంప్రూవ్‌మెంట్ లోన్ అడగండి. పాత పన్ను విధానంలో ఉంటే దాని వడ్డీపై ఏడాదికి రూ.30,000 దాకా మినహాయింపు ఉంటుంది, కొత్త విధానంలో సొంతంగా ఉంటున్న ఇంటికి అది లేదు.